రాచపుండు – దేశాచారములు



నేడు నేను ముచ్చటింపబూనిన విషయము వినుటకు ఇంపైనది కాదు. పేరెత్తినంతనే పెద్దలు చెవులు మూసికొనెడి వ్యాధినిగూర్చి చెప్పబోవుచున్నాను. మనవారు దీనిని రాచపుండు అనిరి. సుశ్రుతాచార్యులు అర్బుదమని పేర్కొని, అది లోతుగా వేరుపారి మెల్లగా పెరుగుననియు, తక్కిన గడ్డలవలె చీముపట్టదనియు లక్షణము చెప్పిరి. గ్రీకు వైద్యులు దీనికి ఎండ్రకాయ పేరు పెట్టిరి. లాటిను భాషలో ఎండ్రకాయను కేన్సరందురు. ఆ పేరే లోకమంతట వ్యాపించినది. పేరు చెప్పుటకు వెరచినంతమాత్రమున వ్యాధి మన గుమ్మము దిగిపోదు గనుక, పేరు పెట్టియే మాటలాడుకొందము.

2022వ సంవత్సరములో లోకమునందు సుమారు 2 కోట్లమందికిని, మన దేశమునందు సుమారు 14 లక్షలమందికిని ఈ వ్యాధి క్రొత్తగా కనుపించినదని అంతర్జాతీయ కేన్సరు పరిశోధన సంస్థవారి అంచనా. అయితే ఇది అన్ని దేశములందును ఒకే అవయవమును పట్టుట లేదు. అమెరికాలో మగవారికి ప్రోస్టేటు గ్రంథిలో హెచ్చుగా వచ్చును. మన దేశమున మగవారికి నోటిలో హెచ్చు. మన స్త్రీలకు రొమ్మునందు వచ్చునది మొదటిది, గర్భాశయ ముఖమున వచ్చునది రెండవది. వ్యాధి యొక్కటే యైనను, దేశమునుబట్టి చోటు మార్చుటకు కారణమేమి?

నుదుటివ్రాత యని కొందరందురు. జాతిరక్తము లోని దోషమని మరికొందరందురు. ఈ రెండు మాటలను జపానువారి కథతో పరీక్షింపవచ్చును. ఆ దేశమున జీర్ణకోశపు కేన్సరు మిక్కిలి హెచ్చు. అచ్చటివారు కొందరు హవాయి దీవులకును, కాలిఫోర్నియాకును వలసపోయిరి. వారినిగూర్చి 1968లో ప్రకటింపబడిన పరిశోధనమువలన, వలసవచ్చినవారిలోను, అచ్చట పుట్టిన వారి బిడ్డలలోను జీర్ణకోశపు కేన్సరు తగ్గెననియు, పెద్దప్రేగు కేన్సరు హెచ్చెననియు తేలినది. రక్తము మారలేదు. తిండియు, పరిసరములును, అలవాటులును మారినవి. కొన్ని వంశములలో తల్లిదండ్రులనుండి బిడ్డలకు సంక్రమించు లోపమువలన ఈ వ్యాధి వచ్చుటయు కలదు. కాని మొత్తముమీద అట్టివి కొద్ది.

ఇక మన దేశమునకే వత్తము. కాశ్మీరమున చలి దుస్సహము. అచ్చటివారు మట్టిపిడతలో నిప్పులు పోసి, దానిచుట్టు వెదురుబుట్టవంటి అల్లిక కట్టి, పొడుగు అంగీలోపల పొట్టకు ఆనించుకొని తిరుగుదురు. దానిని కాంగ్రీ యందురు. ఏండ్లతరబడి ఆ సెగ తగిలిన పొట్టమీదను, తొడలమీదను చర్మమునకు కేన్సరు పుట్టును. ఎల్మ్‌స్లీ యను వైద్యుడు 1866లోనే దీనిని వ్రాసియుంచెను. తక్కిన దేశములలో పొట్టమీది చర్మమున ఈ వ్యాధి అరుదు. నిప్పు ఎచ్చట నున్నదో పుండు అచ్చటనే లేచినది.

కాశ్మీరువారు నిప్పును పొట్టకు ఆనించుకొనిరి. మన ఆంధ్రదేశపు ఉత్తరతీరమున, శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములందు, మన తల్లులు దానిని నోటిలోనే పెట్టుకొనిరి. నేను చెప్పునది అడ్డపొగను గూర్చి యని మీరీపాటికి గ్రహించియుందురు. చుట్ట ముట్టించి, మండెడి కొనను నోటిలోపల నుంచుకొని పీల్చుట అడ్డపొగ. ఫిలిప్పైను దీవులలోను, పనామా, కొలంబియా దేశములలోను ఈ అలవాటు కలదు. మనలో ఇది మగవారికంటె ఆడువారియందే హెచ్చు, అందును వయసు మీరినవారియందు మరియు హెచ్చు.

నేను సముద్రతీరపు గ్రామమొకదానిలో చాలకాలము బడి నడిపితిని. అచ్చట చేపలగంప దించి కూర్చున్న ఒక ముసలమ్మను, నిప్పు లోపల పెట్టుకొనుట ఏల యని ఒకనాడడిగితిని. "గాలికి ఆరదు బాబూ. సేతులు రెండూ పనికుంటాయి. మా యమ్మా ఇలాగే కాల్సినాది, మా యత్తా ఇలాగే కాల్సినాది" అని ఆమె యనినది. ఆమె చెప్పిన కారణములో తెలివిలేకపోలేదు. నెత్తిన బరువు, ఎదుట సముద్రపు గాలి. అట్టి బ్రదుకునకు తగినట్లు ఏర్పడిన అలవాటది. దానిని ఎగతాళి చేయువారిని నేను మెచ్చను. కాని ఆచారమని గౌరవించుటకు ముందు దాని వయసు చూడవలెను. పొగాకు అమెరికా ఖండపు మొక్క. పోర్చుగీసువారి ఓడలతో మన దేశమునకు వచ్చి కొన్ని వందల ఏండ్లు మాత్రమే యైనది. మన పూర్వఋషు లెరుగని వస్తువును సనాతనమనుట చెల్లదు.

ఈ అలవాటు ఫలమేమో చూచుటకు వైద్యులు మన పల్లెలకే వచ్చిరి. శ్రీకాకుళము జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి, డెన్మార్కు దేశస్థుడైన పిండ్‌బోర్గును, బొంబాయికి చెందిన మెహతా మొదలగువారును 1971లో ఫలితములు ప్రకటించిరి. వారిలో నూటికి 43 మందికి మించి అడ్డపొగ త్రాగువారే. నోటి పైకప్పునకు, అనగా అంగిటికి, కేన్సరు వచ్చుట ఇతరచోట్ల మిక్కిలి అరుదు. అడ్డపొగ గల పల్లెలలో అది సామాన్యము. నిప్పుసెగయు పొగయు తిన్నగా తగులునది అంగిలియే కదా.

ఇంతవరకు భయము చెప్పితిని. ఇక ధైర్యము చెప్పెదను. తరువాత శ్రీకాకుళము, కేరళమునందలి ఎర్నాకుళము, గుజరాతునందలి భావనగరము జిల్లాలలో 36,000 మంది పొగాకు వాడువారిని ఏండ్లతరబడి కనిపెట్టి, మానుమని బోధించి చూచిరి. మానివేసినవారి నోళ్లలో కేన్సరునకు ముందు పుట్టెడి మచ్చలు చాలవరకు తగ్గెనని తేలినది. ముప్పదియేండ్ల అలవాటు మానుటవలన ఇప్పుడేమి లాభమని ముసలివారనెడి మాట సరికాదు.

రెండవ ధైర్యము ముందుచూపునకు సంబంధించినది. నోరు కడుపువంటిది కాదు. కోయకయే లోపల చూడవచ్చును. కేరళమున తిరువనంతపురము జిల్లాలో 1996 మొదలుకొని 13 పంచాయతీలలో ఒక పరీక్ష సాగినది. వైద్యులు కాని, శిక్షణపొందిన ఆరోగ్యకార్యకర్తలు ఇంటింటికి పోయి 35 ఏండ్లు దాటినవారి నోళ్లు చూచిరి. అట్లు చూచిన గ్రామములలో, పొగాకుగాని మద్యముగాని వాడువారియందు నోటి కేన్సరు మరణములు సుమారు మూడవవంతు తగ్గినవని 2005లో ప్రకటించిరి. మహారాష్ట్రములోని ఉస్మానాబాదు జిల్లా పల్లెలలోను 1999 మొదలుకొని లక్షకు పైగా స్త్రీలతో గర్భాశయ ముఖపు కేన్సరునుగూర్చి పరీక్ష సాగినది. ఆ వ్యాధికి మూలమైన పాపిల్లోమా వైరసును ఒక్కమారు పరీక్షించి, ఉన్నవారికి చికిత్స చేసినందున, పరీక్ష లేనివారితో పోల్చగా మరణములు సగమునకు దగ్గరగా తగ్గినవి.

2016లో కేంద్ర ఆరోగ్యశాఖవారు 30 ఏండ్లు నిండినవారందరికి నోరును, స్త్రీలకు రొమ్మును, గర్భాశయ ముఖమును పరీక్షింపవలెనని పద్ధతి నిర్ణయించిరి. అయినను 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, నోరు పరీక్షింపించుకొంటిమని చెప్పిన స్త్రీలు నూటికి ఒక్కరైనను లేరు. మగవారు నూటికి ఒక్కరికి కొంచెము పైన. నొప్పిలేదు గదా యని ఊరకుందురు. ఈ వ్యాధి మొదట నొప్పి పెట్టదు. అదియే దీని మోసము.

కనుక ఏమి చూడవలెనో చెప్పెదను. పగటి వెలుతురున, నోరు పుక్కిలించి, దవడల లోపలి ప్రక్కలు, నాలుక అంచులు, నాలుక క్రింద, అంగిలి చూడుడు. తుడిచిన పోని తెల్లని మచ్చ గాని, ఎర్రని మచ్చ గాని, మూడువారములలో మానని పుండు గాని, గట్టిపడిన గడ్డ గాని, మెడలో బిళ్ల గాని, నోరు మునుపటివలె తెరువలేకుండుట గాని కనుపించినచో, ఆకుపసరులతో దినములు గడపక ప్రభుత్వ వైద్యశాలకు పోవలెను. ప్రతి మచ్చయు కేన్సరు కాదు. కాని ఏది అవునో నిర్ణయించుట మన పని కాదు. మొదటి దశలో పట్టుపడినచో నయమగుటకు ఎక్కువ అవకాశము గలదు. ఇది అంటువ్యాధియు కాదు. రోగిని వేరుగా కూర్చుండబెట్టుట అన్యాయము.

అడ్డపొగ త్రాగనివారు తమకీమాట తగలదనుకొనరాదు. తిన్నగా కాల్చు చుట్టయు, బీడీయు, నమలు పొగాకును, గుట్కాయు ఆ కుటుంబములోనివే.

పెద్దలారా, మీ ఇండ్లలోని ముసలమ్మలు తమ నోటి పుండును తామై చెప్పుకొనరు. ఖర్చగునని దాతురు, కొడుకునకు భారమగుదుమని దాతురు. మీరు అడిగిననే చెప్పుదురు. ఆశాకార్యకర్త గాని నర్సు గాని ఊరికి వచ్చిననాడు, ముందు మీరు నోరు తెరచి చూపుడు. పెద్దవాడు చూపినచో తక్కినవారికి సిగ్గు తీరును. ఇంటికి పోయి, ఆ పెద్దమ్మను వెలుతురునకు పిలిచి, "ఒక్కమారు నోరు తెరువుము" అని అడుగుడు. ఇంతకంటె మిమ్ము కోరునది లేదు.