కిటికీల వెనుక మరమ్మతు

కంప్యూటరు తెరమీద మనకు కనుపించే కిటికీలు, బొత్తాములు, జాబితాలు ఏ ప్రోగ్రాము రచయితయు ప్రతిసారి మొదటినుండి గీసికొనునవి కావు. వాటి నన్నింటిని ముందుగా తయారుచేసి యుంచిన సామగ్రి వేరొకటి ఉన్నది. దానిని టూల్‌కిట్ అనియు, పెద్దదైనచో ఫ్రేమ్‌వర్క్ అనియు అంటారు. లినక్స్, విండోస్, మాక్ అను మూడు వ్యవస్థలమీదను ఒకే ప్రోగ్రాము నడవవలెనంటే, ఈ సామగ్రి ఆ మూడింటి మర్యాదలను ఎరిగి యుండవలెను. దీనిని మొదట నిర్మించిన వారి పేర్లు అప్పుడప్పుడైనను వినవస్తవి. తరువాత దశాబ్దముల తరబడి దానిని సవరించి నిలబెట్టిన వారి సంగతి చెప్పేవారు అరుదు. ఈ ప్రసంగమున మేము ప్రస్తావించదలచినది ఆ రెండవవారి పనిని. అందులకు జీటీకే అను సామగ్రి చరిత్ర చక్కగా ఉపకరిస్తుంది.

1995 ప్రాంతమున బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అను ఇరువురు విద్యార్థులు బొమ్మలు దిద్దుటకు గింప్ అను ప్రోగ్రామును ఆరంభించినారు. మొదట మోటిఫ్ అను సామగ్రిని వాడినారు. అది సొమ్ము చెల్లించి తెచ్చుకొనవలసినది. వారికి నచ్చనూ లేదు. మాటిస్ తన సామగ్రిని తానే కల్పించుకొన్నాడు. గింప్ కొరకు పుట్టినది గనుక దానికి గింప్ టూల్‌కిట్ అను పేరు వచ్చినది. 1997లో మొదలైన గ్నోమ్ డెస్క్‌టాపువారు దానినే పునాదిగా ఎన్నుకొన్నారు. 1998 ఏప్రిల్‌లో 1.0 వెలువడినది. ఒక ఇంటివారు తమ అటకకు వేసికొన్న నిచ్చెన ఊరందరు ఎక్కే మెట్లదారి అయినది. చిక్కు అక్కడనే ఉన్నది.

సొంత నిచ్చెనకు ఎప్పుడైనను మెట్టు మార్చుకొనవచ్చును. ఊరివారు ఎక్కుచుండగా ఎట్లు మార్చవలెను? పైకి కనుపించే నడవడి మారకుండ లోపలి కట్టడమును మాత్రము సరిదిద్దుటను రీఫ్యాక్టరింగ్ అంటారు. మార్టిన్ ఫౌలర్ 1999లో ప్రకటించిన గ్రంథమువలన ఆ మాట విరివిగా ప్రచారమునకు వచ్చినది. కాపురము సాగుచున్న ఇంటిలో ఊతకర్రలు పెట్టి దూలము మార్చుటవంటిది ఆ పని. వంట ఆగరాదు; పెచ్చు రాలరాదు.

అట్టి పని నిజముగా జరిగినదనుటకు మన తెలుగు అక్షరములే సాక్ష్యము. ‘స్త్రీ’ అను మాటను తీసికొనండి. కంటికి ఒకే అక్షరము. యూనికోడు లెక్కలో అది సకారము, పొల్లు, తకారము, పొల్లు, రకారము, గుడిదీర్ఘము - ఆరు సంకేతములు. యూటీఎఫ్-8 పద్ధతిలో 18 బైట్లు. వీటిని కూర్చి, ఒత్తులను తగినచోట నిలిపి, మధ్యలో కర్సరు దూరకుండ చూచుట చిన్న పని కాదు. 2002 మార్చిలో వెలువడిన జీటీకే 2 ఈ భారమును పాంగో అను లైబ్రరీకి అప్పగించినది. ‘అన్ని’ అను అర్థముగల గ్రీకు మాటను, ‘భాష’ అను జపాను మాటను జోడించి పెట్టిన పేరది. మాకు ముచ్చటైన పేరు. 2012లో పాంగో లోపలి కూర్పు యంత్రమును తీసివేసి హార్ఫ్‌బజ్ అను మరియొక లైబ్రరీని అమర్చినారు. పైనున్న ప్రోగ్రాములు పాంగోను పిలిచే తీరు మాత్రము మారలేదు. దూలము మారినది, క్రింద కాపురము సాగినది.

అన్ని మరమ్మతులు అంత సుకరములు కావు. పూర్వము ప్రోగ్రాము రచయితలు జీటీకే సామానుగదిలోనికే చేయి చాచి, బొత్తాము వెడల్పు మొదలైన వివరములను స్వయముగా తీసికొనేవారు. గదిలో ఒక కుండ జరిపినను ఎవరిదో ఒక ప్రోగ్రాము విరుగుతుంది. 2008లో వచ్చిన 2.14తో ఆ గదికి తలుపులు వేయుటకు పూనుకొన్నారు: ఏమి కావలెనన్నను అడిగి పుచ్చుకొనవలెను, అడుగుటకు ఫంక్షన్లు ఇవిగో అన్నారు. మానుకొనవలసిన ఫంక్షను వాడినవారికి కంపైలరు హెచ్చరిక చూపుతుంది. ముందు చెప్పి, వ్యవధి ఇచ్చి, పిదప తలుపు వేయుట - మా దృష్టిలో ఇది న్యాయమైన పద్ధతి. 2011 ఫిబ్రవరిలో జీటీకే 3 వచ్చినప్పుడు ఆ తలుపులు నిజముగా మూతపడినవి. పాత గీత ఫంక్షన్లు పోయి, గీయుట యంతయు కైరో అను లైబ్రరీ ద్వారా జరుగవలసి వచ్చినది. అదియు సమంజసమే. కాని అదే మూడవ శ్రేణిలో 2016 నాటి 3.20 వచ్చుసరికి థీముల పేర్ల వ్యవస్థ మారి, థీములు కూర్చినవారు తమ పనిని తిరగవ్రాయవలసి వచ్చినది. శ్రేణి మారనప్పుడు వాగ్దానమును మార్చుట తగదు. దీనిని మేము సమర్థింపజాలము.

మరమ్మతు చేయువాడు తన పని ముగిసినదనుకొన్నప్పుడు ఇతరుల పని మొదలగును. ఇందుకు గింప్ కంటె మంచి ఉదాహరణ లేదు. జీటీకే 2ను 2020 డిసెంబరులో ముగించినారు. అప్పటికి గింప్ ఇంకను దానిమీదనే నడుచుచుండినది. దానిని కనిపెట్టి యుండువారు కొద్దిమంది, పెక్కురు స్వచ్ఛందముగా పనిచేయువారు. ఒకవైపు కొత్త సౌకర్యములు కోరే వాడుకరులు, మరియొకవైపు కాలముచెల్లిన పునాది. వేలకొలది పిలుపులను ఒక్కొక్కటిగా మార్చి, మూడవ జీటీకే మీద గింప్ 3.0 ను 2025 మార్చిలో విడుదల చేసినారు. పునాది సిద్ధమైన పదునాలుగేండ్లకు ఇల్లు దానిమీదికి చేరినది. ఆ ఇంటిని నమ్ముకొని పాత పైథాన్ 2లో ప్లగిన్లు వ్రాసికొన్నవారు ఇప్పుడు వాటిని మరల వ్రాసికొనవలెను.

జీటీకే 4 మాత్రము 2020 డిసెంబరులోనే వెలువడినది. తనకు జన్మనిచ్చిన గింప్ కంటె ఒక శ్రేణి ముందున్నది.