ఓడినవారికీ మళ్లీ ఆడబుద్ధి కావాలి



కార్డులాట అనగానే మీలో కొందరు ముఖం చిట్లించి వుంటారు. నేనూ మొదట అంతే. పదో తరగతి చదివే మా అబ్బాయీ, ఏడో తరగతి చదివే అమ్మాయీ హాల్లో చాప పరుచుకుని కార్డులు పంచుకుంటూ కనబడితే, "యింట్లో పేకాటేమిట్రా?" అని కసిరాను. తీరా చూద్దును గదా, అది పేకాట కాదు, డబ్బు ప్రసక్తి లేదు. మంత్రగాళ్లు, రాక్షసులు, రెక్కల సర్పాలు వున్న కథలాంటి ఆట.

అమెరికాలో 1993లో వచ్చిన 'మేజిక్ ద గ్యాదరింగ్' అనే ఆట యిది. రిచర్డ్ గార్‌ఫీల్డ్ అనే గణితం చదివిన ఆయన తయారుచేశాడు. ఆడే యిద్దరికీ చెరో ఇరవై ప్రాణాలు. ఎవరి కార్డుల కట్ట వారే ఏరుకుని కూర్చుకుంటారు. వంతుకు ఒక భూమి కార్డు వేసుకోవచ్చు. ఆ భూములిచ్చే శక్తిని 'మానా' అంటారు. మన పర్సులో రూపాయిలాంటిదనుకోండి. అది ఖర్చుపెట్టి జీవుల్నో, మంత్రాల్నో రంగంలోకి దింపాలి.

కొన్న కార్డులు చాలక మా పిల్లలు పాత శుభలేఖలు కత్తిరించి సొంత కార్డులు రాసుకోవడం మొదలెట్టారు. తంటా అక్కడే వచ్చింది. మావాడు 'అగ్నిభేతాళుడు' అని ఒక కార్డు రాశాడు. ఖరీదు రెండు మానాలు. కొట్టే బలం ఏడు, తట్టుకునే బలం ఏడు. అసలు ఆటలో రెండు మానాలకు వచ్చే ఎలుగుబంటికి ఆ బలాలు రెండేసి మాత్రమే! యింకేముంది, భేతాళుడు మూడు దెబ్బలు కొడితే ఆట సరి. నాలుగు రోజులు వరసగా ఓడి, అయిదో రోజు పిల్ల కార్డులన్నీ డబ్బాలో పడేసి బాల్కనీలో కూర్చుంది.

నేను తెలివితక్కువగా, "పోనీలేరా, చిన్నది కదా, ఒకసారి గెలిపించు" అన్నాను. దానికి దాని కోపం రెట్టింపయింది. "నన్నెవరూ గెలిపించక్కర్లేదమ్మా. గెలిచే దారి ఒకటుంటే చాలు" అంది. ఆ మాట నాకు చురుక్కుమంది.

ఆ రాత్రి భోజనాలయ్యాక ముగ్గురం కూర్చున్నాం. మావాడే ఒక సంగతి చెప్పాడు. మొట్టమొదటి కార్డుల్లో, ఒక్క మానా ఖరీదుకే మూడేసి యిచ్చే కార్డులు అయిదున్నాయట. ఒకటి మూడు దెబ్బలు కొడుతుంది. ఒకటి మూడు ప్రాణాలు పోస్తుంది. ఒకటి మూడు మానాలిస్తుంది. ఒకటి ఒక జీవికి ఆ వంతు వరకు బలాలు మూడేసి పెంచుతుంది. ఒకటి కట్టలోంచి మూడు కార్డులు తీసుకోనిస్తుంది. పైకి అన్నీ సమానమే. కాని వంతుకు ఒక్క కార్డు దొరికే ఆటలో మూడు కార్డులంటే, మూడు వంతుల రాబడి ఒకేసారి చేతికొచ్చినట్టే కదా! ఆ కార్డును, పోటీల్లో కట్టకు ఒక్కటే వాడాలని 1994లో ఆంక్ష పెట్టారు. ప్రాణాలు పోసే కార్డు మాత్రం బలహీనమైనదిగా మిగిలిపోయింది.

నేను నవ్వాను. మూడు చెంచాల ఉప్పూ, మూడు చెంచాల నెయ్యీ ఒకటేనా? అంకె చూసి ఖరీదు కట్టకూడదని మనకెవరు నేర్పాలి!

అంచేత మేం కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. మొదటిది, ఎలుగుబంటి మా తూకపురాయి. దానికంటే బలమెక్కువైతే ఖరీదు పెరగాలి, లేదా ఆ కార్డుకు ఏదో ఒక లోపం వుండాలి. రెండోది, ఎంతటి రాక్షసుడికైనా ఎదుటివారి దగ్గర ఒక విరుగుడు వుండాలి. మూడోది, ఒకసారికి ఒక్క మార్పే చెయ్యాలి. పులుసులో ఉప్పూ, కారం, చింతపండూ ఒకేసారి పెంచితే దేనివల్ల చెడిందో తెలియదు. అందుకే ఖరీదు పెన్సిలుతోనే రాయాలి. నాలుగోది ముఖ్యం: కార్డు రాసినవారు దాన్ని ఎదుర్కొనే వైపు కూర్చుని ఆడాలి.

కట్టలు మార్చుకుని ఆడారు. చెల్లెలు భేతాళుణ్ణి దింపింది. మావాడు మూడాటలు వరసగా ఓడి, ఏమీ అనకుండా రబ్బరు తీసుకున్నాడు. ఖరీదు నాలుగు చేశాడు. అయినా చాలలేదు. ఆరు చేశాడు. ఈలోగా చెల్లెలు, ఒక జీవిని కట్టిపడేసే 'నాగపాశం' రాసుకుంది. దాని ఖరీదు కూడా రెండుసార్లు దిద్దాం. ఆ ఆదివారం పది ఆటలాడితే అన్న ఆరు, చెల్లెలు నాలుగు గెలిచారు. అన్నిటికంటే నాకు సంతోషమైందేమిటంటే, పదో ఆట ఓడిన పిల్ల "యింకొక్కటి అన్నయ్యా!" అంది.

మీ యింట్లోనూ పాత శుభలేఖలు వుండే వుంటాయి. సెలవుల్లో పిల్లలకు ఒక కత్తెర, పెన్సిలు, రబ్బరు యిచ్చి చూడండి. ఎవరు గెలిచారని మాత్రమే అడక్కండి. ఓడినవారికి మళ్లీ ఆడాలని వుందా అని కూడా అడగండి.