జంట విడిన పాట

మన గుంటూరు జిల్లాలో పొన్నెకల్లు పేరు వినని పెద్దలుండరు. బుర్రకథకు వన్నె తెచ్చిన నాజరు ఆ యూరివాడు. చలనచిత్ర సంగీతదర్శకుడు చక్రవర్తియు నా యూరివాడే. ఆ చక్రవర్తి కడ సహాయకులుగా నుండిన యిద్దరిని గూర్చి నేడు ముచ్చటించెదను.

టి. వి. రాజు కుమారుడు రాజ్, సాలూరి రాజేశ్వరరావు కుమారుడు కోటి. వీరు 1983లో 'ప్రళయగర్జన'తో రాజ్–కోటి యను జంటపేరున వెలువడి, పదేండ్లకు పైగా వందలకొలది పాటలు కూర్చిరి. నేడు లోకమెరిగిన ఏ. ఆర్. రహమాను ఒకప్పుడు వారి బృందమున వాద్యము వాయించినవాడే. 1994 నాటి 'హలో బ్రదర్'కు నంది బహుమానము వచ్చినది. ఆ తరుణముననే జంట విడెను. కారణముల జోలి మనకేల?

1995లో గ్రామతీర్పుల కథయైన 'పెదరాయుడు'నకు కోటియు, 'సిసింద్రీ'కి రాజును వేర్వేరుగా సంగీతము కూర్చిరి. రెంటిని జనులు మెచ్చిరి. అయినను బుర్రకథలో వంతగాడు మారినచో, కథకుని గొంతు అదియే యైనను, కథ నడక మారును గదా! నా చెవికి కోటి పాటలో దరువు ముందునకు వచ్చినట్లును, రాజు పాటలో వాద్యముల అల్లిక మెత్తబడినట్లును తోచినది. ఒకరి దూకుడునకు వేరొకరి నిదానము కళ్లెమై యుండెడిది కాబోలు.

కోటి 'నువ్వే కావాలి' (2000), 'అరుంధతి' (2009) మొదలగు పెక్కు చిత్రములకు పనిచేసెను. రాజు కొద్ది చిత్రములతోనే నిలిచి, 2023 మే నెలలో కన్నుమూసెను. జంటపేరున వచ్చిన పాటలలో ఏ వరుస ఎవరిదో, ఎన్ని మారులు విన్నను నేను విడదీయలేకున్నాను.