స్పెషాలిటీ కాఫీ: 650 రూపాయలు పోయాక నాకు తెలిసినవి



పోయినేడాది నేనొక కాఫీ పొడి ప్యాకెట్ కొన్నాను. పావుకిలో 650 రూపాయలు. నల్లటి ప్యాకెట్, దాని మీద బంగారు రంగులో ‘స్పెషాలిటీ’ అని పెద్ద అక్షరాలు. ఇంటికొచ్చి గొప్పగా, పాలు లేకుండా కలిపి నాన్నకిచ్చాను. రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెట్టేశారు. “ఏంట్రా ఇది, బొగ్గులు నానబెట్టావా?” అన్నారు. నాకు ఒళ్లు మండింది. “మీకు టేస్ట్ తెలీదు నాన్నా” అనేశాను. తెలియనిది నాకేనని తర్వాత అర్థమైంది.

స్పెషాలిటీ అంటే షాపువాళ్లు ముద్దుగా పెట్టుకున్న పేరు కాదండీ. దానికో లెక్క ఉంది. ట్రైనింగ్ తీసుకున్నవాళ్లు రుచి చూసి వందకి మార్కులేస్తారు. 80, ఆపైన వస్తేనే స్పెషాలిటీ. పచ్చి గింజల్ని కూడా వదలరు. 350 గ్రాములు తీసుకుని ఏరి చూస్తారు. పూర్తిగా నల్లబడ్డ గింజ, పులిసిపోయిన గింజ అందులో ఒక్కటి కూడా ఉండకూడదు. బానే ఉంది, కానీ ప్యాకెట్ మీద ఆ మాట అచ్చేసుకోడానికి మార్కులతో పనేముంది? అందుకే మనమే చూసుకోవాలి.

మొదట వెతకాల్సింది రోస్ట్ చేసిన తేదీ. ‘బెస్ట్ బిఫోర్’ కాదు, అది వేరే. వేయించిన గింజలోంచి కొన్నాళ్లు కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తూ ఉంటుంది. ప్యాకెట్‌కి బొడ్డులాంటి చిన్న వాల్వ్ ఉండేది అందుకే. గింజలైతే వేయించిన వారం నుంచి నెలా నెలన్నర దాకా మంచి రుచిలో ఉంటాయి. పొడి కొట్టాక మాత్రం వాసన రోజుల్లోనే పోతుంది. నా 650 రూపాయల ప్యాకెట్ మీద రోస్ట్ తేదీయే లేదు!

తర్వాత ఏ ఊరి కాఫీ, ఎంత ఎత్తులో పండింది, పండుని ఎలా ఆరబెట్టారు, ఇవి రాశారా చూడండి. ఒట్టి ‘100 శాతం అరబికా’ అంటే సరిపోదు, అరబికాలోనూ నాసిరకం ఉంటుంది. చికోరీ కలిపారేమోనని డౌటా? గ్లాసు చల్లనీళ్లలో పావు చెంచా పొడి వేయండి. కాఫీ పైన తేలుతుంది, చికోరీ రంగు చారలు వదులుతూ కిందకి దిగుతుంది. చికోరీ తప్పని కాదు సుమా. మా అమ్మ ఫిల్టర్‌లో అదే ఉంటుంది. ఆ డికాక్షన్‌ని ఓ మాట అనే ధైర్యం నాకు లేదు.

అసలు సంగతి నాకు అరకులో తెలిసింది. డిసెంబర్‌లో వెళ్లాను. సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ మొక్కలు. 2019లో జీఐ గుర్తింపు వచ్చిన కాఫీ ఇదే. ఒకే కొమ్మ మీద ఎర్రవి, పసుపువి, పచ్చివి కలిసే ఉన్నాయి. ఒకక్క ఎర్రవే ఏరి కోస్తోంది. మిగతావి పండాక మళ్లీ అదే చెట్టు దగ్గరికి రావాలి. కొమ్మంతా ఒకేసారి దూసేస్తే పని ఎంత తేలికో! ఒక పండు నా చేతిలో పెట్టి చప్పరించమంది. తియ్యగా ఉంది. కాఫీ పండని అప్పటిదాకా నా బుర్రకి ఎక్కలేదు.

పచ్చికాయ కలిస్తే దాని గింజ వేయించినా పాలిపోయి ఉంటుంది, నోట్లో వేరుశెనగ పొట్టులా తగుల్తుంది. అందుకే నేనిప్పుడు గింజలే కొని, పళ్లెంలో పోసి చూస్తాను. పాలిపోయినవి ఎక్కువుంటే కోతలోనే తేడా జరిగింది. నూనె కారుతూ బొగ్గులా ఉంటే బాగా మాడ్చారన్నట్టు. ఆ చేదు ఇష్టమైతే తాగండి, కానీ ఏ తోటదో తెలియనంతగా మాడ్చినదానికి అంత డబ్బెందుకు?

ఇక రుచి. మిషన్లేం అక్కర్లేదు. గ్లాసులో 8 గ్రాముల బరక పొడి, 150 మిల్లీలీటర్ల వేడి నీళ్లు. పొడి తాజాదైతే బుసబుసా పొంగుతుంది. నాలుగు నిమిషాలాగి, పైన కట్టిన తెట్టుని చెంచాతో పక్కకి తోసి వాసన చూడండి, తర్వాత ఆ తెట్టు తీసేయండి. ఇప్పుడు కొంచెం తాగండి. గోరువెచ్చగా అయ్యాక ఇంకొంచెం. పూర్తిగా చల్లారాక మళ్లీ. వేడి చాలా తప్పుల్ని దాచేస్తుంది. నాసి కాఫీ చల్లారితే అట్టముక్క నమిలినట్టుంటుంది. మంచిది చల్లారేకొద్దీ తీపి తేలుతుంది, కాస్త పులుపూ తెలుస్తుంది. పులుపనగానే పాడైందనుకోకండి. బత్తాయి పులుపు వేరు, పులిసిన పెరుగు పులుపు వేరు కదా! ప్యాకెట్ మీద నారింజ, చాక్లెట్ అని రాసేది కూడా కలిపారని కాదు, ఆ రుచి గుర్తొస్తుందని.

మొన్న అరకు గింజలు తెప్పించాను, రోస్ట్ చేసి 12 రోజులైనవి. మళ్లీ నాన్నకే ఇచ్చాను. సగం తాగాక ఫోనొస్తే బయటికెళ్లారు. ఇరవై నిమిషాలకి వచ్చి, చల్లారిన ఆ సగం కూడా నిలబడే తాగేశారు. నేనేం అడగలేదు. ఆయనే గ్లాసు చేతికిస్తూ అన్నారు: “ఇది బానే ఉందిరా. కాస్త పంచదార పడాల్సింది.”