ఉపాధ్యాయునికి ప్రత్యేకవిద్యలో ఎం.ఎడ్. పట్టము వలయునా?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ప్రసంగ పాఠము)



పంచతంత్రకథ ఎరుగనివారు మన పల్లెలలో అరుదు. అమరశక్తి యను రాజునకు ముగ్గురు కొడుకులు. మువ్వురికిని చదువు అబ్బలేదు. వ్యాకరణమునకే పండ్రెండేండ్లు పట్టునని కొలువులోనివారు పలికిరి. వృద్ధుడగు విష్ణుశర్మ మాత్రము ఆరు నెలలలో వారిని నీతికోవిదులను గావింతునని పూనుకొనెను. అతడు శాస్త్రములను వల్లె వేయింపలేదు. మృగపక్షుల కథలు చెప్పెను. బాలురకు తగినట్లు బోధను మార్చెనే కాని, బోధకు తగరని బాలురను త్రోసివేయలేదు. నేడు ప్రత్యేకవిద్య యనబడుదానికి మూలసూత్ర మిదియే.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో పనిచేయు ఉపాధ్యాయుడు గాని, ఉపాధ్యాయిని గాని, ఈ విద్యలో ఎం.ఎడ్. పట్టమునకై పోవలయునా యనునది నేటి ప్రశ్న.

ముందు అవసరమును చూతము. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించినది. నిర్ణీత ప్రమాణమునకు తగ్గని వైకల్యము గల 6 మొదలు 18 ఏండ్ల పిల్లలకు, దాపునగల బడిలో గాని ప్రత్యేక పాఠశాలలో గాని ఉచితముగా చదువుకొను హక్కు నొసగినది. ప్రాథమిక తరగతులలో అట్టి పిల్లలు 10 మందికి ఒకరు, పై తరగతులలో 15 మందికి ఒకరు చొప్పున ప్రత్యేకోపాధ్యాయు లుండవలెనని కేంద్ర ప్రభుత్వము నిర్ణయించినది. శనగచేని రైతు బిడ్డకు వినికిడి లేకున్నను, చీనీతోట కూలి బిడ్డకు బుద్ధి మెల్లగా వికసించినను, మగ్గము నేయువాని బిడ్డకు చూపు మందగించినను, మొద్దు యని పిలిచి వెనుక బల్లపై కూర్చుండబెట్టుట సులభము. ఆ బిడ్డ బడి మానినచో నష్టము పట్టికలలో కానరాదు. ఇంటిలో మాత్రము జీవితాంతము కానవచ్చును. కావున అవసరము కలదు.

ఇక జమాఖర్చులు. ఎం.ఎడ్. రెండేండ్ల చదువు. అంతకాలము బడి తన ఉపాధ్యాయుని కోల్పోవును. కుటుంబము వ్యయమునకు లోనగును. సాధారణ బి.ఎడ్. మాత్రము గలవారు నేరుగా ఇందు చేరజాలరు; ప్రత్యేకవిద్యలో డిప్లొమాయో బి.ఎడ్.యో ముందు కావలెను. తరగతిలో బిడ్డ ప్రక్కన కూర్చుండి బ్రెయిలి అక్షరము తడిమించుటకును, సైగలతో పాఠము చెప్పుటకును ఆ మొదటి మెట్టే ముఖ్యము. ఎం.ఎడ్. ప్రధానముగా ఇతరోపాధ్యాయులను తీర్చుటకును, పరిశోధనకును ఉపకరించును. పదోన్నతి కోరుట నేరము కాదు. కాని పట్టముతోనే పదవి వచ్చునని అప్పు చేయుట తగదు.

కాన, చేరదలచినవారు మొదట తమ మండలమందలి భవిత కేంద్రమునకు కొన్ని దినములు పోయి, ఆ పిల్లలతో మెలగవలెను. ఓర్పు తమయందు గలదో లేదో అచ్చటనే తెలియును. పిమ్మట మొదటి మెట్టు చదువు ముగించి, కొన్నేండ్లు పనిచేసి, సమాధానము దొరకని ప్రశ్నలు మూటగట్టుకొని ఎం.ఎడ్.కు పోవలెను. సికింద్రాబాదులో 1984లో స్థాపితమై, బౌద్ధికవైకల్యము గలవారికై పాటుపడు జాతీయ సంస్థ వంటి చోట్ల ఈ విద్య గరపుచున్నారు. ఎచ్చట చేరినను, ఆ సంవత్సరమునకు భారత పునరావాస మండలి గుర్తింపు కలదా యని విచారింపవలెను. 1992 నాటి చట్టము ననుసరించి ఆ మండలి పట్టికలో పేరు నమోదు కానివారు ఈ వృత్తి చేయరాదు.

అన్నింటికంటె ముఖ్యము, తిరిగివచ్చుట. పట్టము పొంది పట్టణముననే నిలిచినచో మన సీమకు జమ యేమి? పదిమంది పల్లె పంతుళ్లకు ఆ విద్య నేర్పినవాని పట్టమే సార్థకము.

ఈ రజతోత్సవ సమయమున గ్రంథాలయమునకును ఒక విధి కలదు. పెద్దయక్షరముల పుస్తకములకును, బ్రెయిలి గ్రంథములకును ఒక బీరువా కేటాయించి, చదువదలచిన ఉపాధ్యాయునికి తోడ్పడవలెను. చదువు రాదని త్రోసివేయబడిన బిడ్డయు ఈ గడప త్రొక్కినచో, ఇరువదియైదేండ్ల మన శ్రమ ఫలించినట్లే.

స్వస్తి.