సంకెళ్ళలో నుండి వచ్చిన ఉత్తరాలు



టర్కీ రచయిత బుర్హాన్ సోన్మెజ్ నవల "ఇస్తాంబుల్ ఇస్తాంబుల్" 2015లో వచ్చింది. ఇంగ్లీషులోకి తర్జుమా అయింది. నేల క్రింద ఒక చీకటి కొట్టు, అందులో నలుగురు ఖైదీలు. ఒక్కొక్కరినీ తీసుకుపోయి హింసిస్తారు. తిరిగి తెచ్చి పడవేశాక వాళ్ళు ఒకరికొకరు కథలు చెప్పుకుంటారు. చదవడానికి గుండె నిబ్బరం కావాలండీ.

టర్కీ మనకు దూరదేశమా? ఎఫెసు, కొలస్సయి, స్ముర్న, ఇవన్నీ ఆ దేశంలోనివే. స్ముర్నే నేటి ఇజ్మీర్. మీలో కొందరు చెరలో వేయబడతారని ప్రకటన గ్రంథంలో హెచ్చరిక అందుకున్న సంఘం అది. పౌలు గారు బంధకాలలో ఉండి వ్రాసిన పత్రికలను ఎఫెసుకూ కొలస్సయికీ చేరవేసినవాడు తుకికు.

అందరికీ ఒక తుకికు దొరకడు. మన బందరులో వైద్యం చేసిన డాక్టర్ పట్టాభి సీతారామయ్య గారిని 1942 ఆగస్టు 9న బొంబాయిలో అరెస్టు చేసి, నెహ్రూ గారితో, ఆజాద్ గారితో పాటు అహ్మద్‌నగర్ కోటలో పెట్టారు. విచారణ లేదు, ఇన్నేళ్ళని శిక్ష లేదు. దాదాపు మూడేళ్ళు! 1943 ఏప్రిల్‌లో ఆజాద్ గారి భార్య కలకత్తాలో మరణిస్తే ఆయన కడసారి చూపుకు కూడా నోచుకోలేదు. స్నేహితునికి ఉత్తరాలు వ్రాసుకున్నారు, కాని పోస్టు చేసే వీలు లేదు. పట్టాభి గారు అక్కడ వ్రాసుకున్నది "ఫెదర్స్ అండ్ స్టోన్స్" అనే పుస్తకమైంది.

వాళ్ళు పేరున్న పెద్దలు, దేశం వాళ్ళను మరువలేదు. మరి మన సంఘంలో ఒక అబ్బాయి మీద కేసు పడితే ఏమవుతుంది? వచ్చే ఆదివారం నుండి ప్రార్థన మనవుల్లో అతని పేరు వినబడదు. తల్లి వెనుక వరుసలోకి మారిపోతుంది. తీర్పు చెప్పడంలో కోర్టుకంటే మనమే ముందుంటాం! 2022 లెక్కల ప్రకారం మన దేశపు జైళ్ళలో ప్రతి నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే. అంటే నేరం ఇంకా రుజువు కానివాళ్ళు. హెబ్రీ పత్రిక 13వ అధ్యాయం బంధకములలో ఉన్నవారిని మనమూ వారితో కూడా బంధింపబడినట్టు తలంచుకోమంటున్నది. నేరం చేసినవారు, చేయనివారు అని అక్కడ విడదీయలేదు.

ములాఖత్‌కు వెళ్ళి ఏమి మాట్లాడాలి అని కొందరు అడుగుతారు. పౌలు గారు తిమోతిని ఏమి అడిగారో చూడండి. త్రోయలో కర్పు ఇంట విడిచి వచ్చిన అంగీ తెమ్మన్నారు. పుస్తకాలు తెమ్మన్నారు. చలికాలం రాకముందే రమ్మన్నారు.