‘అందింది’ అని చెప్పడానికి ఎంత ఖర్చు?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

“నువ్వు ఉద్యోగంలో చేసేదేమిటో మాకు అర్థమయ్యేలా ఓ పావుగంట చెప్పు” అని సంఘం వాళ్లు అడిగారు. నాది వైర్‌లెస్ పరికరాల పని. మొత్తం చెబితే భోజనాలు చల్లారిపోతాయి కనుక ఒక్క చిన్న ముక్క ఎంచుకున్నాను. ఒక పరికరం పంపిన సమాచారం చేరగానే రెండోది ‘అందింది’ అని తిరిగి చెబుతుంది. దాన్ని మేం అక్నాలెడ్జ్‌మెంట్ అంటాం. పూర్వం రిజిస్టర్డ్ ఉత్తరానికి అంటించి పంపే కార్డు సంతకంతో తిరిగొచ్చేది చూడండి, అలాంటిదే.

ఆ జవాబు ఎందుకంటే, రేడియో పరికరం తాను మాట్లాడుతున్నప్పుడు వినలేదు. తన గొంతు తన చెవిలోనే హోరెత్తుతుంది. తన మాట ఇంకొకరి మాటతో ఢీకొని పాడైనా దానికి తెలియదు. ‘అందింది’ వస్తే చేరినట్టు, రాకపోతే చేరనట్టు. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం అలోహానెట్ నడిపినప్పటి పద్ధతి ఇది. ఎవరికి తోచినప్పుడు వాళ్లు పంపేయడం, జవాబు రాకపోతే కాసేపు ఆగి మళ్లీ పంపడం. ఆ ‘కాసేపు’ ఎంతో చీటీ తీసినట్టు ఎవరికి వారు ఎంచుకోవాలి, లేకపోతే ఇద్దరూ ఒకేసారి లేచి మళ్లీ ఢీకొంటారు. ఎంత బాగా నడిపినా అలా పంపే దారిలో 18 శాతం సమయమే పనికొస్తుందని లెక్క తేలింది. అయితే వాళ్లకో వసతి ఉండేది. పోయే దారి వేరు, వచ్చే దారి వేరు. మన ఇళ్లలోని వైఫైకి ఆ వసతి లేదు. మాటా జవాబూ ఒకే దారిలో నడవాలి.

ఆ దారి కూడా సొంతం కాదు. టెలిఫోన్ కంపెనీలు తమ తరంగాలను వేలంలో కొనుక్కుంటాయి. కొన్ని ముక్కలను మాత్రం ప్రభుత్వం లైసెన్సు లేకుండా అందరికీ వదిలింది. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ ముక్క 2005లో అలా వచ్చింది. 5 గిగాహెర్ట్జ్‌లో పెద్ద భాగం 2018లో వచ్చింది. ఇది ఊరుమ్మడి చెరువు. తక్కువ శక్తితో వాడుకోవాలన్న నియమం ఉంది గానీ, నీ వంతు ఇదీ అని రాసిచ్చేవాడు లేడు.

వైఫైలో ‘అందింది’కి ఒక ప్రత్యేక గౌరవం ఇచ్చారు. 5 గిగాహెర్ట్జ్‌లో కొత్తగా మాట్లాడదలచినవాడు గాలి నిశ్శబ్దమయ్యాక కనీసం 34 మైక్రోసెకన్లు ఆగాలి, ఆపైన చీటీలో వచ్చినంతసేపు. జవాబు చెప్పేవాడు మాత్రం 16 మైక్రోసెకన్లకే చెప్పేయవచ్చు. క్లాసులో మాస్టారు ప్రశ్న వేసి ఒకణ్ణి చూపిస్తే, మిగతావాళ్లు నోరు తెరవకముందే వాడు చెప్పేసినట్టు.

చిక్కు వేగం పెరిగాక వచ్చింది. 54 మెగాబిట్ల రోజుల్లో 1500 బైట్ల మూట పంపడానికి సుమారు 250 మైక్రోసెకన్లు పట్టేది. ‘అందింది’కి, ముందున్న విరామంతో కలిపి, 44. పరవాలేదు. వేగం 600 మెగాబిట్లు అయ్యేసరికి అదే మూటలోని సమాచారం 20 మైక్రోసెకన్లలో అయిపోతోంది. జవాబు మాత్రం ఆ 44 దగ్గరే కూర్చుంది. ఎందుకంటే అందులో మాట తక్కువ. మిగతాదంతా విరామమూ, మాట్లాడబోయే ముందు గొంతు సవరించుకోవడమూ. పెళ్లి ఖర్చు కంటే శుభలేఖల ఖర్చు ఎక్కువైంది.

దీనికి చేసిన మందు మన హాజరు పట్టీయే. ఒక్కొక్కరూ లేచి “ప్రెజెంట్ సార్” అనడం మాని, చివర్లో ఒకే కాగితం మీద టిక్కులు పెట్టడం. 2009 నాటి 802.11ఎన్ ప్రమాణంలో 64 మూటలు వరసగా పంపితే తిరిగి ఒకే జవాబు వస్తుంది. అందులో 64 గళ్లు, అంటే కేవలం 8 బైట్లు. వచ్చినదానికి 1, రానిదానికి 0. రానివి మాత్రమే మళ్లీ పంపాలి. వైఫై 6లో గళ్లు 256 అయ్యాయి. (మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒకరు గుడ్ మార్నింగ్ అంటే 90 దండాలు వస్తాయి. వాటికీ ఎవరైనా ఇలాంటి పట్టీ కనిపెడితే సంతోషిస్తాను.)

టెలిఫోన్ లోకం ఈ చెరువులోకి దిగినప్పుడు దానికి ఇంకో ఇబ్బంది ఎదురైంది. సొంత తరంగాల మీద 4జీ ఫోను సమాచారం అందుకున్నాక సాధారణంగా 4 మిల్లీసెకన్లకు జవాబు చెబుతుంది. ముహూర్తం ముందే ఖాయం. ఉమ్మడి గాలిలో ఆ ముహూర్తానికి పక్కింటి వైఫై మాట్లాడుతుంటే? నోరు మూసుకోవాలి. సమాచారం క్షేమంగానే చేరింది, చేరిందన్న మాటే చేరలేదు. టవర్ మొత్తం మళ్లీ పంపుతుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు.

2020 నాటి 5జీ ప్రమాణాల్లో దీనికి దారులు చూపారు. ఒకటి, టవర్ తనకు దొరికిన వంతులోనే కొంత ఫోనుకు ఇస్తుంది. టవర్ ఆపిన 16 మైక్రోసెకన్లలోపు ఫోను అందుకుంటే, గాలిని మళ్లీ విని చూడకుండానే జవాబు చెప్పేయవచ్చు. రెండు, “ఇప్పుడు చెప్పకు, దగ్గర పెట్టుకో, నేనడిగినప్పుడు అన్నీ ఒకేసారి చెప్పు” అనడం. నాకు ఈ రెండోదే ఎక్కువ నచ్చుతుంది. గాలి దొరికినప్పుడే మాట్లాడే మర్యాద అందులో ఉంది.

ఇదంతా పెద్ద కంపెనీల గొడవ అనుకోకండి. కొన్నేళ్ల కిందట ఒక పట్టణంలో ఇళ్ల నీటి మీటర్లకు రేడియోలు పెట్టారు. 865 మెగాహెర్ట్జ్ దగ్గర, లోరా పద్ధతి. అదీ లైసెన్సు అక్కర్లేని ముక్కే. మీటర్లు పెరిగిన కొద్దీ రీడింగులు మాయమయ్యాయి. రీడింగు రాని ఇళ్లకు సగటు లెక్కన బిల్లు వేశారు. తాళం పెట్టి ఊరెళ్లిన వాళ్లకీ బిల్లే. జనం ఆఫీసు ముందు కూర్చున్నారు. అప్పుడు నన్ను పిలిచారు.

చూస్తే, పనిచేయించినవాళ్లు ప్రతి మీటరుకీ ప్రతి రీడింగుకీ ‘అందింది’ అని చెప్పి తీరాలని పెట్టించారు. టవర్ మీది పెట్టె జవాబిస్తున్నంతసేపు మిగతా మీటర్లన్నిటికీ చెవిటిది. లోరాలో అన్నిటికన్నా నెమ్మది వేగంలో ఒక్క ఖాళీ జవాబుకే దాదాపు ఒక సెకను పడుతుంది. ఆ సెకనులో మాట్లాడిన మీటర్ల మాట గాలికే పోయింది. జవాబు రాలేదని అవి మళ్లీ అరిచాయి. వాటికి మళ్లీ జవాబులు.

నేను చెప్పింది ఒకటే. నీటి మీటరు పంపేది ఇవాళ్టి వాడకం కాదు, మొదటినుంచీ కలిపిన మొత్తం. ఒక రీడింగు పోయినా రేపటిదానిలో అదీ ఉంటుంది. దానికి రసీదు ఎందుకు? ప్రతి కబురు మీదా వరస సంఖ్య ఎలాగూ ఉంటుంది, ఎన్ని పోయాయో ఆఫీసులోనే తెలుస్తుంది. గొట్టం పగిలిందనో, మీటరు ఎవరో కదిలించారనో వచ్చే కబురుకి మాత్రం రసీదు ఇవ్వండి.

“రసీదు లేకపోతే నమ్మకం ఏముంది సార్?” అన్నారు వాళ్లు. ఆ ప్రశ్న తప్పు కాదు. డబ్బు వ్యవహారంలో ఎవరైనా అడుగుతారు. రెండు వీధుల్లో చేసి చూపించాకే ఒప్పుకున్నారు. కొత్త పరికరం ఒక్కటీ కొనకుండానే రీడింగులు రావడం మొదలైంది. సగటు బిల్లులు సరిచేయడానికి మాత్రం ఇంకా చాలా నెలలు పట్టింది. అది రేడియో పని కాదు కదా.

మన బడి కంప్యూటర్ గదిలో ఒకే వైఫై పెట్టె మీద గదినిండా పిల్లలున్నారని పొద్దున్న చూశాను. భోజనాలయ్యాక అక్కడే ఉంటాను. గాలిలో ఎన్ని మూటలు వెళ్తున్నాయో, వాటిలో ‘అందింది’లు ఎన్నో తెర మీద చూపిస్తాను. పదో తరగతి పిల్లలు ముందు కూర్చోవాలి. మాస్టర్లు కూడా రావచ్చు.